ఆరని అగ్ని, లెక్కకు రాని నష్టము

కార్చిచ్చులను గూర్చి లోకము మాటలాడునపుడు మృతుల సంఖ్యను, కాలిన యిండ్ల సంఖ్యను అడిగి తెలిసికొని అంతటితో ఊరకుండుట పరిపాటియైనది. ఒక్క మధ్యాహ్నములో ఊరిని బూడిద చేసి పోయిన మంట దేశచరిత్రలో నిలిచిపోవును. రెండు మాసముల పర్యంతము కొండలమీద తిష్ఠవేసి, లోయలలోని ఊళ్ళ బ్రదుకును దినదినమును కొంచెము కొంచెముగా హరించిన మంట కొలది యేండ్లకే మరపున బడును. ఆస్ట్రేలియా దేశమున విక్టోరియా రాష్ట్రపు పర్వతసీమలో 2003లో ఒకసారియు, 2006 డిసెంబరు మొదలు 2007 ఫిబ్రవరి వరకు మరియొకసారియు ప్రజ్వరిల్లిన దావానలములు ఈ రెండవ తెగకు చెందినవి. మొదటిది 59 దినములు, రెండవది 69 దినములు మండెను. అదే రాష్ట్రములో 2009 ఫిబ్రవరి 7వ తేదీ శనివారమునాడు చెలరేగిన అగ్ని 173 మందిని పొట్టన బెట్టుకొన్నది. ఆ శనివారమును ఎరుగని ఆస్ట్రేలియావాసి అరుదు. దానిపై రాయల్ కమిషన్ విచారణ జరిపెను, చట్టములు మారెను, ఊరూర స్మారకచిహ్నములు వెలసెను. అది సముచితమే. కాని మంట మండిన కాలము సైతము ఒక నష్టమే యనియు, ఆ నష్టమును కొలిచి తీర్చు బాధ్యత ప్రభుత్వముదే యనియు నా దృఢాభిప్రాయము. దానిని ఉపపాదించుటకే ఈ వ్యాసము.

మైదానపు మంటకును కొండమంటకును గల భేదమును ముందుగా గ్రహింపవలెను. గ్రేట్ డివైడింగ్ రేంజ్ అను పర్వతశ్రేణి ఆ ఖండపు తూర్పుతీరము వెంబడి దిగివచ్చి, విక్టోరియాలో పడమటికి మరలును. ఆ మలుపునందు 1,986 మీటర్ల ఎత్తుగల బోగాంగ్ శిఖరమును, దానిని చుట్టుకొని గడ్డిమైదానములును, వాటికి దిగువ దట్టమైన యూకలిప్టస్ వనములును, ఆ వనముల నడుమ ఇరుకైన నదీలోయలును కలవు. శీతకాలమున మంచు కప్పు ఈ ప్రదేశమున డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు వేసవి. వరుసగా వానలు తప్పిన యేట ఆ వేసవిలో వచ్చు మేఘములు చినుకు రాల్చకయే పిడుగులు రాల్చును. 2003 జనవరి 8వ తేదీన అట్టి పొడి పిడుగులు పడి ఎనుబదికి పైగా తావులలో ఒక్కమారే నిప్పంటుకొనెను. వానిలో అధికభాగమును సిబ్బంది తొలి దినములలోనే ఆర్పివేసిరి. బాట లేని కొండకొమ్ములమీద, నిచ్చెనవలె నిలువుగా నుండు వాలులమీద మిగిలిపోయిన కొన్ని మాత్రము పెరిగి, ఒకదానితో నొకటి కలిసి, మహానలమైనవి. కొండవాలున మంట పైకి ప్రాకునపుడు తనకు ముందున్న చెట్లను తన వేడిచేతనే ఎండబెట్టుకొని పోవును గనుక దాని వేగము హెచ్చును. దానికి తోడు ఆ దేశపు వేసవిగాలి ఒక విచిత్రమైన స్వభావము కలది. ఎడారివైపునుండి వాయవ్యపు వడగాలి దినమంతయు వీచి, పిమ్మట సముద్రమునుండి చల్లని నైఋతిగాలి హఠాత్తుగా తిరుగును; తిరిగిన క్షణముననే, అంతవరకు పొడవుగా సాగి పక్కగా నిలిచియున్న మంట అంచంతయు ముఖమై, వెడల్పైన అగ్నిప్రాకారముగా కదలును. చల్లగాలి వచ్చినదని నగరవాసి ఊపిరి పీల్చుకొను ఘడియయే కొండవాసికి ఘోరమైన ఘడియ.

ఇట్టి మంటను నీటితో ఆర్పుట మానవసాధ్యము కాదు. బుల్డోజరులతో నేలను గీకి అగ్నిరేఖలు తీయుదురు. ఆ రేఖకును మంటకును నడుమనున్న అడవికి తామే ఎదురునిప్పు పెట్టి, మంట వచ్చులోపల దానికి ఆహారము లేకుండ చేయుదురు. పిమ్మట దినముల తరబడి ఆ రేఖల వెంబడి నడచి, దుంగలలోను వేళ్ళలోను దాగిన నిప్పును చేతులతో త్రవ్వి చల్లార్తురు. ఒక్క నిప్పురవ్వ రేఖను దాటినచో వారముదినముల శ్రమ వ్యర్థము. వాన పడువరకు ఈ పని ఇట్లే సాగవలసినదే. 2006–07లో న్యూజీలండు, కెనడా, అమెరికా దేశములనుండి సైతము మనుష్యులు వచ్చి ఈ పనిలో పాలుపంచుకొనిరి. ఆ యేట కాలిన భూమి పదిలక్షల హెక్టార్లకు మించినది. మన ఉమ్మడి గుంటూరు జిల్లా యెంతయో ఇంచుమించు అంత.

ఇంతటి అగ్ని రాష్ట్రరాజధానియైన మెల్‌బోర్న్ నగరమునకు తన యునికిని చాటుకొన్న తీరు గమనింపదగినది. 2007 జనవరి 16వ తేదీన, మంట మొదలై నెలన్నర గడచిన పిమ్మట, పర్వతముల మీదుగా పోవు విద్యుత్ప్రసారమార్గమును పొగయు మంటయు తాకగా తీగలు తెగిపడకుండగనే ప్రసారము నిలిచిపోయి, లక్షలాది గృహములలో దీపములారెను. వీధికూడళ్ళలో ట్రాఫిక్ లైట్లు ఆగిపోయెను. కొన్ని గంటలకు కరెంటు తిరిగి వచ్చినది. ఆ కొన్ని గంటలకే పత్రికలు గగ్గోలు పెట్టుట తప్పు కాదు. కాని ఆ గగ్గోలు ముగిసిన తరువాతను ఓవెన్స్ లోయలోని బ్రైట్, హారియెట్‌విల్ వంటి ఊళ్ళవారు మరి మూడు వారములు పొగలోనే మేల్కొనవలసివచ్చెను.

ఆ మేల్కొనుట ఎట్టిదో ఊహింపుడు. రాత్రి చల్లని గాలి లోయలోకి దిగి, పైనున్న వెచ్చని గాలి దానికి మూతవలె అమరగా, కొండలమీది పొగయంతయు ఊరిమీద పేరుకొనును. ఉదయమున ఎదుటి యిల్లు కనబడదు. మధ్యాహ్నమునకు గాలి కదలి పొగ విడినచో, సంతోషింపవలెనో భయపడవలెనో తెలియదు. ఏలయన పొగ విడుటయనగా మంటకు గాలి తగులుటయే. రేడియోలో గంటగంటకు హెచ్చరికలు వినవలెను. ఊరి హాలులో సభ జరుగును, అగ్నిమాపకాధికారి పటము చూపి రేపటి గాలిని గూర్చి చెప్పును, జనులు ఇండ్లకు పోయి ముఖ్యమైన కాగితములను, ఫోటోలను, పిల్లల బట్టలను కారులో సర్దుకొందురు. మరునాడు మంట రాదు. సర్దినదానిని దింపవలెనా? వారము గడచును, రెండవ వారము గడచును. తల్లిని పిల్లలను పట్టణమునకు పంపిన యింట తండ్రి యొక్కడు నీటిపంపును కాచుకొని యుండును. ప్రమాదము ఒక్కమారు వచ్చినచో మనిషి దానికి ఎదురు నిలుచును. నేడో రేపో యని నెలల తరబడి గుమ్మములో కూర్చున్న ప్రమాదమునకు ఎదురు నిలుచు శక్తి మానవదేహమునకు లేదు, మనసునకు అంతకన్నను లేదు. 2009 నాటి మంటల పిమ్మట మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపువారు బాధితజనపదములను ఏండ్ల తరబడి పరిశీలించి, అధికముగా దెబ్బతిన్న ఊళ్ళలో మూడు నాలుగేండ్లు గడచిన తరువాతను సుమారు నాలుగవ వంతు మందిలో తీవ్రమైన మానసిక క్లేశపు లక్షణములు కలవని కనుగొనిరి. గాయము మానుటకు అంతకాలము పట్టునని తెలిసినపుడు, సహాయమును త్వరపడి ఎత్తివేయుట ఎట్టి న్యాయము?

ఇక జీవనోపాధి. ఈ లోయలలోని ఊళ్ళకు క్రిస్మస్ మొదలు ఈస్టర్ వరకు గల వేసవియే సంపాదనకాలము; కొండలు చూడవచ్చు యాత్రికులే వారికి పంట. దారులు మూసినపుడు, అతిథిగృహములు ఖాళీయైనపుడు, వంటవాడును పడకగదులు ఊడ్చు ఆడమనిషియు పని కోల్పోవుదురు. ఏ భవనమును కాలలేదు గనుక బీమావారు చెల్లింపరు. ఎవరి యింటికిని నిప్పంటలేదు గనుక సహాయపట్టికలో పేరుండదు. ద్రాక్షతోటలవారి కష్టము మరింత సూక్ష్మమైనది. ద్రాక్ష రంగు తిరిగి పండుటకు సిద్ధమగు సమయముననే పొగ లోయను క్రమ్మును. పొగలోని కొన్ని రసాయనములు తొక్కగుండ లోనికి చొచ్చి, చక్కెరతో కలిసి కనబడకుండ దాగియుండును. పండు చూచుటకు నిగనిగలాడును, తినుటకు తీయగానే యుండును. పిండి పులియబెట్టిన పిదప మాత్రము ఆ బంధము విడి, సారాయమంతయు బూడిదరుచి పట్టును. కింగ్ లోయలోను, దాని చుట్టుపట్లను 2003లోను 2007లోను తిరిగి 2020లోను సాగుదారులు కోసిన పంటను పారబోయుటయో, కోయక చెట్టుననే వదలుటయో చేయవలసివచ్చెను. మంట తోటకు పదుల మైళ్ళ దూరమున ఆగినను సంవత్సరపు కష్టము పోయినది. దీనిని అగ్నినష్టమనక మరేమనవలెను?

ఈ మంటలతో పోరాడువారిలో అత్యధికులు వేతనము లేని స్వచ్ఛందసేవకులని మన పాఠకులలో పలువురకు తెలియకపోవచ్చును. రైతు, వడ్రంగి, బడిపంతులు, దుకాణదారు పసుపు దుస్తులు తొడిగికొని ట్రక్కెక్కుదురు. విక్టోరియాలోని గ్రామీణాగ్నిమాపకసంస్థ 1945లో ఏర్పడినది. న్యూ సౌత్ వేల్స్‌లోని ఇట్టి సంస్థయందు సుమారు 70,000 మంది స్వచ్ఛందసేవకులు కలరు. పొరుగువాని యిల్లు కాలుచుండగా కూలి అడుగని సంస్కృతి పూజనీయమైనది, సందేహము లేదు. కాని ఈ వ్యవస్థ ఒక పగలో, ఒక వారమో మండు మంటకై ఏర్పడినది. రెండు నెలలు దుకాణము మూసికొని కొండపై దుంగలు త్రవ్వినవాని యింటి బాడుగ ఎవరు కట్టుదురు? 2019 డిసెంబరు చివరివరకు కేంద్రప్రభుత్వము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేదు. అప్పటికి ఆ యేటి మంటలు మొదలై నెలలు గడచెను. ఒత్తిడి హెచ్చిన మీదట, పదిదినములకు మించి పనిచేసినవారిలో ఆదాయము కోల్పోయినవారికి దినమునకు 300 డాలర్ల చొప్పున, 6,000 డాలర్లకు మించకుండ ఇచ్చెదమని ప్రకటించెను. ఆ ప్రకటన ఆలస్యమైనను మంచిదే. దానిని ఆపద్ధర్మముగా గాక శాశ్వతమైన చట్టముగా చేయుట ఇంకను మంచిది.

ఆ 2019–20 వేసవియే నా వాదమునకు ప్రబలమైన సాక్ష్యము. సిడ్నీకి వాయవ్యమున, నీలపర్వతములకు ఉత్తరముగా నున్న గాస్పర్స్ కొండపై అక్టోబరు 26న పిడుగువలన పుట్టిన ఒక్క మంట రెండున్నర మాసములు మండి, అయిదు లక్షల హెక్టార్లకు పైగా దహించెను. ఆ వేసవిలో దేశమంతట మంటలవలన నేరుగా మరణించినవారు 33 మంది. వారిలో విమానము కూలి మరణించిన ముగ్గురు అమెరికనులతో కలిపి తొమ్మండుగురు అగ్నిమాపకసిబ్బంది. ఈ సంఖ్య ప్రపంచమంతయు ఎరిగినది. కాని తూర్పురాష్ట్రములలో నెలల తరబడి నిలిచిన పొగవలన అదనముగా 417 మంది మరణించి యుందురనియు, మూడువేలకు పైగా జనులు గుండెజబ్బులతోను ఊపిరి జబ్బులతోను ఆసుపత్రుల పాలైరనియు ఆ దేశపు వైద్యపత్రికలో పరిశోధకులు లెక్కకట్టిరి. అనగా మంట చంపినవారికంటె పొగ చంపినవారు పండ్రెండింతలు. సిడ్నీ, మెల్‌బోర్న్, కాన్‌బెర్రా నగరములలో స్థిరపడిన వేలాది మన తెలుగు కుటుంబములును ఆ గాలినే పీల్చినవి. నాడు హైదరాబాదులోను విజయవాడలోను తల్లిదండ్రులు ఫోనులో అడిగినది మంట యెంత దూరమున నున్నదని. అడుగవలసినది పొగ యెన్నాళ్ళనుండి యున్నదని. ఆ 417 మంది పేర్లు ఏ స్మారకశిలపైనను లేవు, ఉండుటకును వీలులేదు. ఏలయన వారెవ్వరో వ్యక్తిగతముగా ఎవ్వరును చెప్పజాలరు.

మంట ఆరిన తరువాతను కథ ముగియదు. వేళ్ళు కాలి, ఆకు రాలి, నగ్నమైన వాలుపై తొలి పెనువాన పడినచో మన్నును బూడిదయు రాళ్ళును కలిసి ఏటిలోనికి దిగును. 2007 జూనులో విక్టోరియాలోని గిప్స్‌లాండ్ ప్రాంతమున వచ్చిన వరద, ఆరు నెలలకు ముందు కాలిన కొండలమీదనుండి వచ్చినదే. 2003 జనవరి 18న కాన్‌బెర్రా పొలిమేరలలో నలుగురిని చంపి, సుమారు 500 ఇండ్లను కాల్చిన మంట, ఆ నగరపు జలాశయములకు ఎగువనున్న అడవిని సైతము దహించెను. కొండనీరు అంతవరకు ఎట్టి పెద్ద శుద్ధియు అక్కరలేనంత నిర్మలముగా వచ్చెడిది, తరువాత వానలకు బురదయై రాగా, నగరమువారు మౌంట్ స్ట్రోమ్లో వద్ద క్రొత్త శుద్ధికర్మాగారము నిర్మింపవలసివచ్చెను.

అన్నిటికంటె దీర్ఘమైన నష్టము అడవిదే. యూకలిప్టస్ మనకు పరాయిది కాదు. నీలగిరితైలముగా మన యిండ్లకును, జామాయిల్ తోటలుగా మన పొలములకును వచ్చినది ఆ ఖండమునుండియే. దానిలో పెక్కు జాతులు కాలినను మొదటినుండి, కొమ్మలనుండి చిగిర్చును గనుక, యూకలిప్టసునకు నిప్పు హితమను అభిప్రాయము లోకములో వ్యాపించినది. ఎత్తైన చలికొండలలో పెరుగు ఆల్పైన్ యాష్ అను జాతికి అది వర్తింపదు. తీవ్రమైన మంట తగిలినచో ఆ చెట్టు చచ్చును. దాని కాయలనుండి బూడిదపై రాలిన విత్తనములు మాత్రము దట్టముగా మొలచును. ఆ మొలక తిరిగి విత్తనము పట్టుటకు సుమారు ఇరువది యేండ్లు కావలెను. 2003లో కాలిన చోట మొలచిన వనము 2007లోనో 2013లోనో 2020లోనో మరల కాలినచో, చెట్టును లేదు, విత్తనమును లేదు. ప్రభుత్వమువారు దొరికినంత విత్తనమును సేకరించి హెలికాప్టరులనుండి చల్లించుచున్నారు. ప్రశంసనీయమైన కార్యము, అయినను ఆకాశమునుండి చల్లు విత్తనముతో ఒక పర్వతశ్రేణిని ఎన్నిమారులు నాటగలరు?

ఈ మంటలను ఎట్లు నివారింపవలెనను విషయమున అచ్చట వివాదములకు కొదువ లేదు. పశువులను కొండమీది పచ్చికలకు తోలుకొనిపోవు కాపరులు, మేతవలన గడ్డి తగ్గి మంట తగ్గునని ఎంతోకాలముగా వాదించిరి. 2003 మంటల పిమ్మట బోగాంగ్ పీఠభూమిలో శాస్త్రజ్ఞులు మేసిన చోట్లను మేయని చోట్లను పోల్చిచూడగా చెప్పుకోదగిన భేదము కానరాలేదు. 2005లో ప్రభుత్వము జాతీయోద్యానములో మేతను నిషేధించెను. 2009 నాటి కమిషన్, ప్రభుత్వభూమిలో ఏటేట కనీసము నూటికి అయిదు వంతులు ముందుగానే నియంత్రితముగా కాల్చవలెనని చెప్పినది. లెక్క పూర్తిచేయుటకై జనావాసములకు దూరముగా సులభమైన చోట్ల కాల్చుట జరుగుచున్నదను విమర్శ రాగా, 2015లో ఆ పద్ధతిని విడిచి ప్రమాదమును బట్టి కాల్చుటకు పూనుకొనిరి. నా దృష్టిలో ఇది సరియైన మార్పు. ఈ వాదములన్నిటికి ముందే, బోగాంగ్ చిమ్మటల విందుకై వేసవిలో కొండలెక్కు ఆదివాసులు ఈ దేశమును చిన్న చిన్న చల్లని మంటలతో వేల యేండ్లు కాపాడుకొనిరి. వారి విద్యను ఇప్పుడిప్పుడే తిరిగి అడుగుచున్నారు. ఎదురునిప్పు విషయమున సైతము జాగ్రత్త కావలెను: 2019 డిసెంబరులో మౌంట్ విల్సన్ వద్ద పెట్టిన ఎదురునిప్పు అదుపుదప్పి, ఏ ఊళ్ళను కాపాడుటకై పెట్టిరో ఆ వైపుననే యిండ్లను దహించెను. పెట్టినవారు దుర్మార్గులు కారు, నెలన్నరకు పైగా నిద్రలేని మనుష్యులు. అలసట సైతము దీర్ఘాగ్ని యొక్క ఫలమేనని విచారించువారు మరువరాదు.

మన నల్లమలలోను శేషాచలములోను మంటలు ఈ తీరువి కావు. ఫిబ్రవరి మొదలు మే వరకు రాలిన ఎండుటాకులమీద ప్రాకు నేలమంటలు అవి. వానికి కారణము సాధారణముగా పిడుగు గాదు, మనుష్యుడే. అయినను 2014 మార్చిలో తిరుమల చుట్టునున్న అడవి అంటుకొన్నపుడు వాయుసేన హెలికాప్టరులు నీళ్ళు మోసికొని రావలసివచ్చినదని మరువరాదు. మనకడ వేసవికి ముందు అగ్నిరేఖలు శుభ్రపరచువారు, కాపలా కాయువారు తాత్కాలికముగా నియమింపబడు ఫైర్ వాచర్లు. నల్లమలలో వారిలో చెంచులు పెక్కురు. వారికి ఋతువు ముగియగానే జీతము ముగియును. అడవిని ఎరిగిన మనిషిని నాలుగునెలలు పిలిచి ఎనిమిది నెలలు మరచుట విక్టోరియాలోని స్వచ్ఛందసేవకుని దినముల తరబడి కూలి లేకుండ నిలుపుటకు సోదరమైన లోపమే.

ఆస్ట్రేలియా ప్రభుత్వములు ఈ విషయమున చేయవలసినది స్పష్టముగా నున్నది. మంట మండిన దినములను, పొగ నిలిచిన దినములను నష్టగణనలో చేర్చి, ఇల్లు కాలకున్నను ఉపాధి పోయినవారికి పరిహారమిచ్చు శాసనము కావలెను. పదిదినములు దాటిన సేవకు భృతి, ప్రకటనలకై వేచియుండక, దానంతట అది రావలెను. లోయలలోని ఊళ్ళకు పొగనాళ్ళలో శుద్ధమైన గాలిగల సార్వజనికభవనములు, మంట ఆరిన పిదప అయిదేండ్ల వరకైన వైద్యమును మానసికసహాయమును ఉండవలెను. మనకడనో, అడవి కాపలాదారునకు సంవత్సరమంతయు పనియు జీతమును ఉండవలెనని రెండు తెలుగు రాష్ట్రముల అటవీశాఖలను కోరుచున్నాను. వచ్చు వేసవికి ముందే ఆ ఉత్తర్వు వెలువడవలెను.